సంతకము పెట్టే ముందు
అనారోగ్యము, అశక్తత పింఛను, రైల్వే కార్మికుని హక్కు

(డిసెంబరు 17, పింఛనుదారుల దినము సందర్భముగా బిలాస్‌పూర్ సమీపమున గల కర్గీ రోడ్‌లో తెలుగు రైల్వే కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పొగడ్తలతో కాలము వృథా చేయను. మీలో చాలమంది రాత్రి డ్యూటీకి పోవలసినవారు. కనుక నేరుగా విషయమునకు వస్తాను. ఆరోగ్యము చెడి, అరవై ఏండ్లు నిండకముందే ఉద్యోగము విడువవలసి వచ్చిన కార్మికుడు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు? నేటి నా ప్రసంగము ఈ ఒక్క ప్రశ్నను గూర్చియే.

ఈ ప్రశ్న కర్గీ రోడ్‌కు క్రొత్తది కాదు. బిలాస్‌పూర్ నుండి కట్నీ పోయే ఈ మార్గము 1891 నాటిది. ఘుట్కు, కల్మీటార్ దాటి కర్గీ రోడ్, ఇక్కడి నుండి బేల్‌గహ్నా, ఖోంగ్‌సరా, భన్వర్ టోంక్ వరకు అడవిలోను, ఘాట్లలోను ఈ పట్టాలను కాపాడిన చేతులలో మన తెలుగు చేతులెన్నో ఉన్నవి. 1902లో వాల్తేరు వైపు మార్గము బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చిన తరువాత శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములవారు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణములకు తరలివచ్చినారు. ఆ కంపెనీ కార్మికుల నాయకులలో ఒకరైన వరాహగిరి వేంకటగిరి గారు తరువాత ఈ దేశమునకు రాష్ట్రపతియైనారు. కంపెనీ పోయినది, సౌత్ ఈస్టర్న్ వచ్చినది, 2003లో బిలాస్‌పూరే ఒక జోనుకు కేంద్రమైనది. పేర్లు మారినవి. కాని గ్యాంగులో పనిచేసేవాని వెన్నెముక మాత్రము నాటిదే.

గ్యాంగుమన్‌ను నేడు ట్రాక్‌మన్ అంటున్నారు, ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు. పేరు ఏదైనా కాంక్రీటు స్లీపరు బరువు 250 కిలోలకు మించినదే. మే నెల ఎండలో కాలే పట్టాల నడుమ గడ్డపార పట్టేవాడు, పొగమంచులో తన బీటు పొడవునా నడిచే కీమాన్, వీరికి నలభై ఐదేండ్లు దాటేసరికి మోకాళ్లు, నడుము, చూపు ఏదో ఒకటి మొరాయిస్తుంది. రైల్వే వైద్యశాఖయే దీనిని గుర్తించి నియమము చేసినది. బండి నడిపేవారికి, స్టేషను మాస్టరులకు నలభై ఐదేండ్ల వరకు నాలుగేండ్ల కొకసారి, ఆపై యాభై ఐదు వరకు రెండేండ్ల కొకసారి, తరువాత ఏటేటా వైద్యపరీక్ష జరుగుతుంది. పట్టాలపై పనిచేసే బి-వర్గము వారికి నలభై ఐదవ ఏట మొదటి పరీక్ష, ఆపై ఐదేండ్ల కొకటి. ఆ పరీక్ష గదిలోకి కార్మికుడు ఒక్కడే పోతాడు గాని, బయట కాచుకొని ఉండేది అతని కుటుంబమంతా.

నేను ఈ విషయము పుస్తకములలో మొదట చదువలేదు, ఇంటిలో చూచినాను. మా పెదనాన్నగారు కీమాన్. వేరొక సెక్షనులో పనిచేసేవారు. 1983లో నలభై ఐదవ ఏటి పరీక్షలో చూపు తప్పినది. ఆనాటి నియమము ఏమనగా, పాత పనికి పనికిరానివానికి ఆరు నెలల వరకు సెలవు ఇచ్చి, ఆలోగా వేరు పని దొరికితే ఇవ్వవలెను, దొరకకున్న ఇంటికి పంపవలెను. ఆ ఆరు నెలలూ ఆయన ప్రతి సోమవారము ఉతికిన ధోవతి కట్టుకొని కార్యాలయమునకు పోయి, వరండాలో కూర్చొని, సాయంకాలము తిరిగి వచ్చేవారు. వేరు పని దొరకలేదు. ఆయన సర్వీసు పదునెనిమిదేండ్లు. అప్పటి లెక్కలో పూర్తి పింఛనుకు ముప్పది మూడేండ్లు కావలెను. జీతములో సగము, ఆ సగములో ముప్పది మూడింట పదునెనిమిది వంతులు. అనగా జీతములో నాలుగవ వంతుకు కొంచెము పైన. మా పెద్దమ్మ క్వార్టరు ఖాళీ చేసేనాడు గోడకు కొట్టిన మేకులు కూడ పెరికి తెచ్చుకొన్నది. అవి మన డబ్బుతో కొన్నవి అన్నది. ఆ మాట నేను ఈనాటికీ మరువలేదు.

మిత్రులారా! నాటికీ నేటికీ నడుమ మూడు మార్పులు వచ్చినవి. అవి ఎవరి దయవలనను రాలేదు. కార్మికోద్యమము, వికలాంగుల ఉద్యమము, న్యాయస్థానముల తలుపు తట్టిన సామాన్యులు తెచ్చినవి.

మొదటిది పింఛను అనే మాటకు అర్థము. డి.ఎస్. నకారా అను విశ్రాంత ఉద్యోగి కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. పింఛను యజమాని దయతో వేసే బిచ్చము కాదు, చేసిన సేవకు ప్రతిఫలముగా వచ్చే హక్కు అని నిర్ద్వంద్వముగా ప్రకటించినది. నేడు మనము ఈ దినమును జరుపుకొనుటకు కారణమదియే.

రెండవది 1995 నాటి వికలాంగుల చట్టము. అది 1996 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చినది. దాని 47వ సెక్షను చెప్పినదేమి? సర్వీసులో ఉండగా వైకల్యము కలిగిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకున్న, అదే జీతపు స్కేలుతో, అవే సదుపాయములతో వేరు పనిలో పెట్టవలెను. అట్టి పని లేకున్న, తగిన పని దొరికే వరకో, విరమణ వయస్సు వచ్చే వరకో, ఏది ముందైతే అంతవరకు, అదనపు పోస్టులో ఉంచవలెను. దీని ననుసరించి రైల్వే బోర్డు 1999 ఏప్రిల్‌లో తన ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్‌లోని అధ్యాయమును తిరగ వ్రాసినది. మా పెదనాన్నను ఇంటికి పంపిన ఆ ఆరు నెలల గడువు ఆనాటితో పోయినది. తరువాత 2016లో వచ్చిన క్రొత్త చట్టము 20వ సెక్షనులో ఈ రక్షణను నిలిపినది. పాత చట్టములో ఏడు రకముల వైకల్యములుండగా క్రొత్త చట్టములో ఇరువది యొకటి ఉన్నవి.

మూడవది పింఛను లెక్క. ముప్పది మూడేండ్ల నిబంధన 2006 నుండి తొలగినది. పదేండ్ల అర్హ సర్వీసు ఉన్నవానికి కడపటి జీతములో, లేక కడపటి పది నెలల సగటులో, ఏది లాభమో దానిలో సగము పింఛను. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము తన సివిల్ పింఛను నియమములను సవరించి, ఉద్యోగములో చేరేటప్పుడు ఆరోగ్యవంతుడని ధ్రువీకరింపబడినవాడు పదేండ్లు నిండకముందే శాశ్వతముగా అశక్తుడైనచో అతనికి కూడ అశక్తత పింఛను ఇవ్వవచ్చునని చేర్చినది.

ఇన్ని హక్కులుండగా మనవారు నష్టపోవుట ఎందుకు? కారణము ఒక్కటే. ఏ కాగితముపై ఏమి వ్రాసి యున్నదో తెలియక సంతకము పెట్టుట. కాగితము ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటుంది. మన పెద్దలకు తెలుగు అక్షరములే కష్టము, పిల్లలకు హిందీ వచ్చును గాని నియమముల భాష రాదు.

కనుక నాలుగు మాటలు వేరువేరుగా గుర్తుంచుకొనండి. అవి నాలుగు తలుపులు.

మొదటిది రాజీనామా. ఈ తలుపు గుండా ఎన్నడూ పోవద్దు. రాజీనామా చేసినవాని గత సర్వీసంతా నియమము ప్రకారము రద్దగును. పాతికేండ్లు పనిచేసి, జబ్బు బాధలో విసిగి, "నేను మానుకొంటున్నాను" అని వ్రాసి ఇచ్చినవాడు పింఛను పోగొట్టుకొంటాడు. రెండవది స్వచ్ఛంద విరమణ. ఇరువది ఏండ్ల అర్హ సర్వీసు తరువాత మూడు నెలల నోటీసుతో తీసుకొనవచ్చును. పింఛను వచ్చును గాని, జబ్బు వలన వచ్చే ప్రత్యేక రక్షణ దీనిలో లేదు. మూడవది అశక్తత పింఛను, మన వాడుకలో ఇన్వాలిడ్ పింఛను. శరీరముగాని మనస్సుగాని శాశ్వతముగా ఉద్యోగమునకు పనికిరాదని వైద్యాధికారులు నిర్ణయించినప్పుడు ఇది వచ్చును. నాలుగవది ప్రత్యామ్నాయ ఉద్యోగము. పాత పనికి పనికిరాకున్నను సి-వర్గములోనైనను పనికి వచ్చునని వైద్యులు చెప్పినచో, అదే స్కేలులో వేరు పని పొందుట.

జబ్బుపడిన కార్మికుడు మొట్టమొదట తట్టవలసినది ఈ నాలుగవ తలుపు. అది మూసి ఉన్నచో మూడవది. మనవారు భయముతోనో, బంధువుల తొందర వలననో ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నారు.

ఒక తీర్పు చెబుతాను. పంజాబ్ విద్యుత్ బోర్డులో భగవాన్ దాస్ అనే అసిస్టెంట్ లైన్‌మన్‌కు 1994లో రెండు కండ్లూ పోయినవి. నిస్సహాయుడై, నన్ను విరమింపజేసి నా భార్యకు ఉద్యోగమిప్పించండి అని ఉత్తరము వ్రాసినాడు. బోర్డు 1997లో అతనిని విరమింపజేసినది. భార్యకు ఉద్యోగము రాలేదు. కేసు సుప్రీంకోర్టుకు పోయినది. అతడే కోరినాడు గదా అని బోర్డు వాదించినది. 2008లో న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసినది. తన హక్కు తెలియక, దిక్కుతోచక వ్రాసిన ఉత్తరమును ఆధారము చేసుకొని ఉద్యోగమును తీసివేయరాదనియు, చట్టము ఇచ్చిన రక్షణను అతనికి తెలియజేయుట అధికారుల బాధ్యత యనియు స్పష్టపరచినది. అంతకుముందు 2003లో కునాల్ సింగ్ అనే కానిస్టేబులు కేసులో, కాలు పోయి అశక్తత పింఛను మంజూరైనంత మాత్రమున 47వ సెక్షను రక్షణ తొలగిపోదని అదే న్యాయస్థానము చెప్పియున్నది. ఈ రెండు పేర్లు జ్ఞాపకముంచుకొనండి. ఒకరు లైన్‌మన్, మరొకరు కానిస్టేబులు. మనవంటివారే.

ఇక అందరికీ మనస్సులో ఉండి ఎవరూ సభలో మాట్లాడని విషయమునకు వస్తాను. అది కొడుకు ఉద్యోగము.

2004లో డ్రైవర్లకు, గ్యాంగుమన్‌లకు ఒక పథకము వచ్చినది. యాభై నుండి యాభై ఏడేండ్ల మధ్య వయస్సు, ముప్పది మూడేండ్ల సర్వీసు ఉన్నవాడు విరమిస్తే బిడ్డకు ఉద్యోగము. 2010లో దానిని సడలించి, మరికొన్ని భద్రతా వర్గములకు ఇరువది ఏండ్ల సర్వీసు చాలునన్నారు. లార్స్‌జెస్ అని పిలిచినాము. పంజాబ్, హర్యానా హైకోర్టు ఉద్యోగము వారసత్వముగా ఇచ్చుట రాజ్యాంగ సమ్మతము కాదన్నది. 2017 అక్టోబరు 27 నుండి ఆ పథకము ముగిసినది. ఆ తలుపు మూసుకొన్నప్పటి నుండి కొందరి చూపు మెడికల్ అన్‌ఫిట్ వైపు మళ్లినది. "నాన్నా, నీకెలాగూ నడుము నొప్పి. అన్‌ఫిట్ చేయించుకో, నాకు ఉద్యోగము వస్తుంది" అనే మాట ఎన్ని క్వార్టర్లలో వినబడుతున్నదో మీకు తెలుసును. ఈ మాటను నమ్మి దళారుల చేతిలో డబ్బు పెట్టినవారిని కూడ నేను ఎరుగుదును.

సోదరులారా! కుమారుని తప్పు పట్టను. నిరుద్యోగము వాని తప్పు కాదు. కాని సత్యము చెప్పక తప్పదు. కారుణ్య నియామకము అనేది హక్కు కాదు. కుటుంబము ఆకస్మికముగా పడిన కష్టము నుండి గట్టెక్కుటకు ఇచ్చే సహాయమే గాని, వారసత్వము కాదని సుప్రీంకోర్టు 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో చెప్పినది. పూర్తిగా అశక్తుడైన రైల్వే కార్మికుని బిడ్డ దరఖాస్తు పరిశీలింపబడును. పరిశీలన వేరు, నియామకము వేరు. తండ్రి ఉద్యోగము పోవుట నిశ్చయము, కుమారుని ఉద్యోగము వచ్చుట అనిశ్చయము.

లెక్క చూడండి. యాభై రెండేండ్ల కార్మికుని మూల వేతనము 40,000 అనుకొందాము. నేడు విరమిస్తే పింఛను 20,000, దానిపై కరవు భత్యము. వేరు పనిలో ఎనిమిదేండ్లు కొనసాగితే ఏటా మూడు శాతము ఇంక్రిమెంటుతో మూల వేతనము సుమారు 50,000 అగును. అప్పటి పింఛను సుమారు 25,000. నడుమ ఎనిమిదేండ్ల పూర్తి జీతము, క్వార్టరు, పాసులు వేరు.

క్రిందటి సంవత్సరము ఒక ట్రాక్‌మన్ నా వద్దకు వచ్చినాడు. ఊరు, పేరు చెప్పను. వయస్సు యాభై యొకటి, వెన్నుపూస జారినది. చేతిలో ఎవరో టైపు చేసి ఇచ్చిన కాగితము. నన్ను విరమింపజేయండి, నా కుమారునికి ఉద్యోగమివ్వండి అని ఉన్నది. సంతకము ఇంకా పెట్టలేదు. "బాబూ, ఒకసారి చదివి చెప్పండి" అన్నాడు. చదివి చెప్పినాను. ఆ రాత్రి వాని ఇంట్లో పెద్ద గొడవ జరిగినది. చివరకు ఆ కాగితము చించివేసి, వైద్యపరీక్ష కోరుతూ వేరే దరఖాస్తు పెట్టినాము. నాలుగు నెలలు తిరిగిన మీదట తక్కువ వైద్యవర్గములో పనికి వచ్చునని నిర్ణయించి, ఒక స్టోరులో అదే స్కేలుతో పని ఇచ్చినారు. ఇప్పుడు కూర్చొని పని చేస్తున్నాడు. వాని కుమారుడు మాత్రము నేటికీ నాతో సరిగా మాట్లాడడు. దారిలో ఎదురైతే తల త్రిప్పుకొని పోతాడు. వాని బాధ నాకు తెలుసును. అయినను నేను చేసినది సరియైనదే యని ఈ సభా ముఖమున చెబుతున్నాను.

అట్లని అశక్తత పింఛను తీసుకొనుట తప్పని నా భావము కాదు. గుండె బలహీనపడి పది అడుగులు వేయలేనివాడు, పక్షవాతముతో మంచము పట్టినవాడు, మనస్సు చెదరినవాడు ఏ పనినీ చేయలేడు. ప్రతి జబ్బు చట్టము చెప్పిన వైకల్యము కాదు. అట్టివానికి అశక్తత పింఛను సిగ్గుపడవలసినది ఎంతమాత్రము కాదు. అది కూడ సంపాదించిన హక్కే. కాని దానిని తెలిసి, సిద్ధపడి, సక్రమముగా తీసుకొనవలెను.

సిద్ధపడుట అనగా ఏమిటో చెబుతాను. జబ్బు చేయగానే సిక్ మెమో తీసుకొని రైల్వే వైద్యుని వద్ద నమోదు కండి. చెప్పకుండా ఊరికి పోయి శ్రీకాకుళములో మందు తిని మూడు నెలల తరువాత రావద్దు. జీతము లేని సెలవైనను వైద్య ధ్రువపత్రముపై తీసుకొన్నచో అర్హ సర్వీసులో చేరును. పత్రము లేనిది చేరదు. ఈ ఒక్క కాగితము లేక సర్వీసులో నెలలు పోగొట్టుకొన్నవారు ఎందరో! ప్రతి చీటీ, ప్రతి ఎక్స్‌రే ఒక సంచిలో భద్రపరచండి. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు సరిగా ఉన్నవా చూచుకొనండి. నామినేషను పాతదైతే మార్చండి. అశక్తత పింఛనులో కొంత భాగమును ఏకమొత్తముగా మార్చుకొనదలచినవారు మరల వైద్యపరీక్షకు పోవలసి యుండునని ముందే తెలిసియుండండి. విరమణ తరువాత కూడ రైల్వే ఆసుపత్రి వైద్యము పొందుటకు గల పథకమును గూర్చి బయటకు వచ్చే ముందే విచారించుకొనండి.

డ్రైవరు సోదరులకు ఒక మాట. మీరు వర్గము తగ్గి స్థిరమైన పనికి వచ్చినప్పుడు, రన్నింగ్ అలవెన్సుకు బదులుగా మూల వేతనములో ముప్పది శాతము కలిపి జీతము నిర్ణయింపవలెను. ఆ కాగితము చూచి సరిచూచుకొనండి.

2004 జనవరి 1 తరువాత చేరిన తమ్ముళ్లకు మరొక మాట. మీది క్రొత్త పింఛను పథకము. సర్వీసులో మరణించినను, అశక్తులైనను పాత పింఛను లాభములు కావలెనా, క్రొత్త పథకపు సొమ్మే కావలెనా యని మీ ఇష్టమును తెలుపుటకు 2021 మార్చిలో వచ్చిన కేంద్ర నియమములు అవకాశ మిచ్చినవి. 2025 ఏప్రిల్ నుండి ఏకీకృత పింఛను పథకము కూడ వచ్చినది. మీ పేరిట ఏ ఇష్టము నమోదై యున్నదో మీకు తెలుసునా? నేటి సభలో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు సందేహమే. రేపే విచారించండి. ఆరోగ్యముగా ఉన్ననాడు పది నిమిషములలో నింపే ఆ పత్రమే, మంచము పట్టిననాడు ఇంటిని నిలుపుతుంది.

వ్యక్తిగా చేయవలసినవి చెప్పినాను. సంఘముగా మనము కోరవలసినవి నాలుగున్నవి. వైద్యవర్గము తగ్గిన ప్రతి కార్మికునికి అతని హక్కులు అతని భాషలో వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను. వైద్య బోర్డు నిర్ణయమునకు నిర్దిష్టమైన గడువుండవలెను, ఆ కాలములో ఇంటికి జీతము ఆగరాదు. ప్రత్యామ్నాయ ఉద్యోగము పేరిట నడుము విరిగినవానిని వంద మైళ్ల దూరమునకు పంపరాదు, సాధ్యమైనంతవరకు కుటుంబమున్న చోటనే ఇవ్వవలెను. ట్రాక్‌మన్‌ల వెన్ను, మోకాళ్ల జబ్బులను పని వలన వచ్చిన జబ్బులుగా లెక్కించి నమోదు చేయవలెను. లెక్కలో లేని జబ్బుకు నివారణ ఉండదు.

అమ్మలారా, చివరి మాట మీతో. సంతకము పెట్టేది మగవాడైనను, పింఛనుతో ఇల్లు నడిపేది మీరు. ఇకమీదట మీ ఇంటికి ఏ కాగితము వచ్చినను, "రేపు సంఘము ఆఫీసులో చదివించి పెట్టు" అని మీరే అనండి. ఒక రాత్రి ఆలస్యమైనందువలన ఎవరి పింఛనూ పోదు.

మా పెదనాన్న ఆరు నెలలు వరండాలో కూర్చున్నప్పుడు ఆయన ప్రక్కన ఎవరూ లేరు. ఇకముందు కర్గీ రోడ్‌లో ఏ కార్మికుడైనను వైద్య బోర్డు ముందుకు పోయేనాడు అతని వెంట సంఘము మనిషి ఒకడు ఉండవలెను. ఈ మేరకు ఈ సభలో తీర్మానము చేయవలసినదిగా అధ్యక్షుల వారిని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!